సగం తగువు

మొన్న మా వీధి చివరి హైస్కూల్లో వక్తృత్వ పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. పింఛను తీసుకునేవాడికి తీరిక ఉంటుందని, తీరిక ఉన్నవాడికి తీర్పు చెప్పే అర్హత ఉంటుందని మన ఊళ్లలో ఒక నమ్మకం. అంశం ఏమిటంటే, సామాజిక మాధ్యమాలు వాడదగినవేనా? అవునన్న పిల్లలు చక్కగా మాట్లాడారు. కాదన్న పిల్లలు ఇంకా చక్కగా మాట్లాడారు. కాదన్న పిల్లల్లో ఒకమ్మాయి వేదిక మీద ఆవేశంగా మాట్లాడుతుంటే, వాళ్ల నాన్న ముందు వరసలో నిలబడి వీడియో తీసి అక్కడికక్కడే స్టేటస్‌లో పెట్టేశాడు. మొదటి బహుమతి ఆ అమ్మాయికే ఇచ్చాను.

చివర్లో హెడ్మాస్టరుగారు "మీ అనుభవంతో రెండు ముక్కలు చెప్పండి సార్" అన్నారు. నా అనుభవం రెండు ముక్కల్లో ఇమిడేది కాదు. "మంచికి వాడితే మంచిది, చెడుకి వాడితే చెడ్డది" అని అందరూ చెప్పేదే నేనూ చెప్పి, శాలువా భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాను. వచ్చాక మనసు కుదుట పడలేదు. పిల్లలకి అబద్ధం చెప్పాను. నేను నా కళ్లతో చూసిన కేసులో వాడినవాళ్లు మంచికే వాడారు, అయినా చెడే జరిగింది. అందుకే ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. బస్సుల్లో ఫోను పట్టుకుని తిరిగే పిల్లలు చదివితే సంతోషం.

నేను బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం వైపు డిపో అని తెలిస్తే చాలు, ఏదని అడగకండి. కండక్టరుగా చేరాను, ట్రాఫిక్ సూపర్‌వైజరునై దిగాను. సర్వీసు చివర్లో మోకాళ్లు మొరాయించాయి. అప్పటి మా మేనేజరుగారు వయసులో మా పెద్దాడి ఈడు, మా ప్రాంతం మనిషి కాదు, చాలా మర్యాదస్తుడు. బస్సులు కడిగేవాణ్ణి కూడా "మీరు" అనేవారు. వాడు వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవరితో మాట్లాడుతున్నారా అని. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, "మీకు నిలబడటం కష్టంగా ఉంది కదండీ, కూర్చుని చేసే పని ఇస్తానండీ" అన్నారు. అలా నేను డిపో పేజీకి అధికారినయ్యాను.

పేజీ అంటే ఫోన్లో ప్రయాణికులు మమ్మల్ని తిట్టడానికి మేమే కట్టించి ఇచ్చిన అరుగు. తిట్లకి జవాబులు పైనుంచి తయారై వచ్చేవి. ఏ తిట్టుకి ఏ జవాబో జత కలపడం నా పని. బస్సు రాలేదంటే "చింతిస్తున్నాం." బస్సు వచ్చింది గాని ఆపలేదంటే "సంబంధిత అధికారి దృష్టికి తీసుకెళ్లాం." ఆ సంబంధిత అధికారిని నేనే. నా దృష్టికి నేనే తీసుకెళ్లి, చూసి, ఊరుకునేవాణ్ణి. ఎవరైనా మమ్మల్ని మెచ్చుకుంటే ఏం రాయాలన్నది మాత్రం పైనుంచి రాలేదు. ఆ అవసరం పడుతుందని వాళ్లు అనుకున్నట్టు లేదు.

ఇక అసలు మనుషుల సంగతి. కళింగపట్నం బస్సుకి ఏళ్ల తరబడి ఒకే కండక్టరు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేనతన్ని బావా అనేవాణ్ణి, అతను నన్ను బావా అనేవాడు. మా డిపోలో సగం మంది సగం మందికి బావలే. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. బస్టాండులో మైకు పాడైన రోజున అతన్నే మెట్ల మీద నిలబెట్టి ఏ బస్సు ఎటు వెళుతుందో చెప్పించేవాళ్లం. మైకు బాగైనా ఎవరూ గుర్తించేవాళ్లు కాదు.

తెల్లవారగానే బయల్దేరే అతని మొదటి బస్సులో ఎండుచేపల గంపలు ఎక్కేవి. కళింగపట్నం ఒడ్డున ఎండబెట్టిన నెత్తళ్లు, కవళ్లు గంపల్లో నింపి, పైన గోనెపట్టా కట్టి, నలుగురైదుగురు ఆడవాళ్లు శ్రీకాకుళం మార్కెట్టుకి తెచ్చేవాళ్లు. వాళ్లకి పెద్ద ఒక మామ్మ. నెత్తళ్ల మామ్మ అనేవాళ్లం. ఆమె నోటికి వాళ్ల పేటలో ఎంత పేరంటే, ఎవరింట్లో తగువొచ్చినా సాయానికి పిలుచుకుపోయేవారట, మధ్యవర్తిగా కాదు, తమ తరఫున అరవడానికి.

బస్సులో కంపు కొట్టే సరుకులు ఎక్కించకూడదన్నది నిబంధన. తోటి ప్రయాణికుడెవరైనా "ఇదేం వాసనయ్యా" అని నోరు తెరిస్తే కండక్టరు గంప దింపించి తీరాలి. బస్సులో అలాంటి ముక్కులు రోజూ రెండో మూడో ఉంటాయి. అందుకని ఆ ముక్కులవాళ్లు నోరు తెరవకముందే మా బావ తెరిచేవాడు. మామ్మ మెట్టు మీద కాలు పెట్టిందో లేదో అందుకునేవాడు.

"దిగవే ముసిల్దానా! నీకేటి, నీ గంపకేటి, బస్సు మీ బాబు కొనిచ్చినాడేటి? ఈ కంపుకి నా పాసింజర్లు సచ్చిపోతే ఎవులు సమాదానం సెప్తారే?"

మామ్మ మెట్టు మీదే నిలబడి, చీర కుచ్చిళ్లు బిగించుకుని, చుట్టరికం లేని ఆ అల్లుడికి జవాబిచ్చేది.

"మా బాబు కొనిచ్చుంటే ఇలాటి డొక్కు బస్సు కొంటాడేట్రా అల్లుడా? తోస్తే గాని కదల్దు, కదిల్తే గాని ఆగదు! కంపంటన్నావు, నిన్న నీ కేరేజీలోన ఏటుందో సెప్పమంటావా? నా నెత్తళ్లు కాదేటి? మీ యావిడ ఇగురెట్టిందని ఏళ్లు నాకినావు కాదేటి?"

బస్సంతా నవ్వేది. నవ్వేవాడు ముక్కు మూసుకోలేడు. వాళ్లు అనాల్సిన మాట కండక్టరే అనేశాడు, దానికి జవాబూ వచ్చేసింది, ఇక వాళ్లకి అనడానికేమీ మిగిలేది కాదు. ఆ సందట్లో తక్కిన ఆడవాళ్లు గంపలు వెనక్కి చేరవేసేవారు. ఊరి పొలిమేర దాటేసరికి తగువు ముగిసేది, బావ లగేజీ టికెట్లతో సహా కొట్టి ఇచ్చేవాడు. ఏ ఆఫీసూ ఇవ్వని పర్మిషన్ని వాళ్లిద్దరూ రోజూ అరిచి పుట్టించుకునేవారు.

బావ ఎప్పుడైనా సెలవు పెడితే మర్నాడు మామ్మ బస్సెక్కకుండా కిందనుంచే అడిగేది, "నిన్న సచ్చినావనుకున్నానురా, ఎందుకు రానేదు?" అని. ఆ మాటలో ఎంత బెంగ ఉందో మా వైపు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మా దగ్గర తిట్టేది అయినవాళ్లని. "గారు" తగిలించి పిలిచారంటే మనల్ని పరాయివాళ్ల కింద కట్టేశారని అర్థం.

ఒక ఆదివారం సముద్రం చూడటానికి వచ్చి, స్నేహితురాలింట్లో ఉండి, మర్నాడు ఆ మొదటి బస్సెక్కింది ఒకమ్మాయి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకుంటోంది. సొంతూరు మా జిల్లా కాదు. ఆ పిల్లకి తగువు ముందు భాగం చెవిన పడలేదు. తేరుకుని ఫోను తీసి వీడియో మొదలుపెట్టేసరికి బావ రెండో విడతలో ఉన్నాడు. మామ్మ తన వంతు పూర్తిచేసి, గోనెపట్టా ఊడిపోతుంటే తాడు పళ్లతో కరిచిపట్టుకుని ముడి వేసుకుంటోంది. మామ్మ నోరు మూసుకునేది రోజు మొత్తంలో ఆ ఒక్క క్షణమే. వీడియోలో పడింది ఆ క్షణమే.

చూసినవాళ్లకి కనిపించింది ఇది. ఒక మగవాడు గొంతు చించుకుని అరుస్తున్నాడు. ఒక ముసలావిడ తలొంచుకుని మౌనంగా ఉంది. కంట్లో నీరు కూడా ఉంది. మామ్మ ఎడమ కంటికి ఎన్నో ఏళ్లుగా నీరు కారుతుంది, మందు వేయిస్తానంటే వినదు. ఆ అమ్మాయికి కడుపు తరుక్కుపోయింది. "ఈ తల్లి కన్నీటికి జవాబెవరు?" అని రాసి పెట్టేసింది. చెడ్డ ఉద్దేశం అణువంత కూడా లేదు. ఆ సంగతి నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను.

మధ్యాహ్నానికి నా పేజీ పొంగిపోయింది. నేను ఒంటి వేలితో జవాబులిచ్చేవాణ్ణి, ఆ వరదకి నా వేలు చాల్లేదు. కళింగపట్నం ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా కండక్టరుని ఏం చేయాలో చెబుతున్నారు. ముసలావిడని తిట్టడం తప్పని చెబుతూ మా బావ తల్లిని తిట్టినవాళ్లు కోకొల్లలు. ఆ తిట్లలో పదోవంతు కూడా మా బావ జీవితంలో ఎవరినీ తిట్టి ఉండడు.

మేనేజరుగారు పరుగున వచ్చారు. "పైనుంచి ఫోనండీ. తక్షణం చర్య తీసుకుంటున్నామని రాసేయండి."

"సార్, అది వాళ్లు రోజూ ఆడుకునే తగువు సార్. మా వైపు అంతే" అన్నాను.

"అలా రాయలేం కదండీ" అన్నారాయన. నిజమే, అలా రాయలేం. నా దగ్గరున్న జవాబుల్లో అది లేదు.

బావని డ్యూటీ నుంచి తప్పించి విచారణ పెట్టారు. సర్వీసు ఇంక ఏడాది కూడా లేదు. మచ్చ లేకుండా దిగిపోవాలని అతని ఆశ. వీడియో వచ్చిన రోజునుంచి మామ్మని ఎక్కించుకోవడానికి తక్కిన కండక్టర్లు భయపడ్డారు, అరిస్తే ఒక తప్పు, అరవకపోతే ఇంకో తప్పు. గంప బస్సెక్కితేనే మార్కెట్టు, మార్కెట్టుంటేనే ఆమె పొయ్యిలో పిల్లి లేచేది. ఆ ఇద్దరి సంగతీ ఒక్క విచారణ మీద వేలాడింది.

విచారణకి ముందు రోజు బావ నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. "మా మనవరాలు ఆ ఫోనట్టుకొచ్చి అడిగింది బావా, తాతా, నువ్వు ఆ మామ్మని ఏడిపించినావేటని. ఏటి సెప్పమంటావు దానికి?" అన్నాడు. అంత గొంతున్న మనిషి, పక్క కుర్చీకి కూడా వినపడనంత చిన్నగా అన్నాడు. టీ తెప్పించాను.

ఈలోగా మామ్మ ఇంటికి సానుభూతి వెళ్లింది. ఎవరెవరో వచ్చి శాలువా కప్పారట. ఒక శాలువా, దాన్ని పట్టుకుని ఫొటో దిగడానికి ఎనిమిది చేతులు. "ఎందుకు బాబూ ఇదంతా" అని ఆమె అడిగితే, "నువ్వేం మాట్లాడొద్దు మామ్మా, ఇలా చూస్తే చాలు" అన్నారట. మామ్మని మాట్లాడొద్దన్న మనుషుల్ని ఆ పేట అంతకుముందు చూడలేదు.

విచారణ మేనేజరుగారి గదిలో. వాంగ్మూలం రాసే పని నాది. బావ ఒక మూల తల దించుకుని కూర్చున్నాడు. మామ్మ ఉతికిన చీర కట్టుకుని, తోటి ఆడవాళ్లని గుమ్మం దగ్గర నిలబెట్టి లోపలికి వచ్చింది.

"కూర్చోండమ్మా. మీరేం భయపడకండి. మీకు న్యాయం చేస్తాం" అన్నారు మేనేజరుగారు.

"భయమేటి బాబూ! నా మాటలేవి?"

"ఏ మాటలమ్మా?"

"ఆ ఫోన్లోన నా మాటలేవంటన్నాను! ఈడొక్కడే అరుస్తన్నాడు. నాను మూగదాన్నాగ సూస్తన్నాను. ఎవులు తీసీసినారు నా మాటలు? మా పేటలోన తలెత్తుకోనేకపోతన్నాను బాబూ. ఆడంత తిడతంటే నీకు నోట మాట రానేదేటే అని మా తోడికోడలు నవ్వుతన్నాది. దానికి! నన్ను సూసి నవ్వడానికి దానికెంత గుండె!"

"అంటే, మీకు అవమానం జరిగిందంటారు" అన్నారాయన జాగ్రత్తగా.

"జరగనేదేటి మరి!"

మేనేజరుగారు నా వైపు చూసి రాయమన్నట్టు తలూపారు. నేను పెన్ను పక్కన పెట్టి, "సార్, ఆమె చెబుతున్న అవమానం వేరు సార్" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మామ్మకి అర్థమైంది, ఈయనకి చెబితే తెలియదని, చూపించాలని. బావ వైపు తిరిగింది.

"ఒరే అల్లుడా, మొదలెట్టు. నువ్వనందే నాకు అందుకోడం రాదు."

బావ తల ఎత్తలేదు. "వద్దే అత్తా, ఇది ఆఫీసు" అన్నాడు.

"ఆఫీసయితే ఏటి, నోరు పడిపోద్దేటి? అనరా!"

బావ మేనేజరుగారి వైపు చూశాడు. "దిగవే ముసిల్దానా" అన్నాడు బావ, సంతాప సభలో మాట్లాడినట్టు.

"అలగ కాదురా సచ్చినోడా, గట్టిగా! నీ గొంతుకేటయింది, ఈ పెద్దమనుసులు కోసీసినారేటి?"

అంతే. బావకి రోషం వచ్చింది. గది దద్దరిల్లింది. బస్సు మీ బాబుదా అని అతను, డొక్కు బస్సు అని ఆమె, కంపు అని అతను, కేరేజీ అని ఆమె. గుమ్మం దగ్గర ఆడవాళ్లు, కిటికీల దగ్గర మెకానిక్కులు, అందరూ విరగబడి నవ్వారు. వీడియో రోజునుంచి మొహం వేలాడేసుకుని తిరిగిన మనిషి అప్పుడు మళ్లీ మనిషయ్యాడు. మేనేజరుగారు కూడా చేతి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. గెలిచేశామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

నవ్వు తగ్గాక ఆయన ఆప్యాయంగా అడిగారు, "అయితే ఇలా రోజూ జరుగుతుందా అమ్మా?"

"రోజూ బాబూ! ఏళ్లబట్టి!" అంది మామ్మ గర్వంగా.

"రోజూ ఎండుచేపల గంపలు బస్సెక్కుతాయా?"

"ఎక్కకపోతే తగువెందుకు బాబూ?"

బావ కళ్లు మూసుకున్నాడు. మేనేజరుగారి మొహంలో నవ్వు అలాగే ఉంది గాని, దాని వెనక నిబంధనల పుస్తకం తెరుచుకోవడం నాకు కనిపించింది. ఆయన చెడ్డవారు కాదు. తెలియనంతకాలం ఊరుకోగలిగేవారు. తెలిశాక, అందులోనూ లోకం మొత్తం మా డిపో వైపు చూస్తున్న సమయంలో, ఊరుకోలేకపోయారు.

తీర్పు వచ్చింది. వృద్ధురాలిని అవమానించాడన్న అభియోగం రుజువు కాలేదు. నిషిద్ధ సరుకు ఎక్కించాడన్న అభియోగం, ఎవరూ చేయకుండానే, రుజువైంది. బావ సర్వీసులో మందలింపు పడింది, విజయనగరం జిల్లాలో లోపలెక్కడో ఉన్న డిపోకి బదిలీ అయింది. ఇకమీదట ఆ బస్సులో చేపల గంపలు ఎక్కించరాదని నోటీసు అంటించారు. పేజీలో నేను రాయాల్సింది మేనేజరుగారు చెప్పారు, నేను ఒంటి వేలితో కొట్టాను. "సదరు కండక్టరుపై చర్య తీసుకున్నాం. వృద్ధుల గౌరవమే మా ప్రాధాన్యం." ఎన్ని చప్పట్లు, ఎన్ని ఎర్ర గుండెకాయలు! నా జన్మలో నేను రాసిన దేనికీ అంత ఆదరణ రాలేదు. ఆ వృద్ధురాలిని మేం గౌరవించిన విధానం ఏమిటంటే, బస్సెక్కనివ్వకపోవడం.

గంపలు షేర్ ఆటోల్లోకి మారాయి. ఆటోవాడు మనుషులు నిండితే గంపని వద్దనేవాడు, వానొస్తే అసలు వచ్చేవాడు కాదు. మామ్మ మార్కెట్టు చేరేసరికి కొనేవాళ్లు ఇళ్లకి పోయేవారు. ఒకరోజు మార్కెట్లో కనిపించి, అమ్ముడుపోని నెత్తళ్లు గంపలోకి ఎత్తుకుంటూ, "నాయం సేస్తానన్నాడు కదా మీ ఆఫీసరు బాబు, ఇదేనేటి?" అని నన్ను అడిగింది. మూతి తిప్పలేదు, తిట్టలేదు, మామూలుగా అడిగింది. నాకు సిగ్గేసింది.

కొన్నాళ్లకి ఆ అమ్మాయి డిపోకి వచ్చింది. కళింగపట్నంలో స్నేహితురాలి ద్వారా సంగతి తెలిసిందట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మంచి చేద్దామనే పెట్టాను అంకుల్."

"తెలుసమ్మా. అదే వచ్చిన చిక్కు" అన్నాను.

వీడియో తీసేశానంది. ఆమె తీసేసింది గాని, ఎవరెవరో తమ పేజీల్లో పెట్టుకున్నది అలాగే తిరుగుతోంది. అసలు సంగతి చెబుతూ ఇంకో వీడియో పెట్టిందట, దాన్ని చూసినవాళ్లు తక్కువ. ఏడుపు పరిగెత్తినంత వేగంగా వివరణ పరిగెత్తదు. ఆ పిల్ల అడిగింది, "ఇప్పుడేం చేయాలి అంకుల్?"

నేను నా అధికారిక హోదాలో జవాబిచ్చాను. "గంపలు ఎక్కనివ్వడం లేదని మా పేజీకి ఒక్క ఫిర్యాదు రాలేదమ్మా. రాలేదంటే మా లెక్కలో ఇబ్బంది లేనట్టు. ఆ ఆడవాళ్ల దగ్గర ఫోన్లు లేవన్నది మా లెక్కలోకి రాదు."

ఆ పిల్ల తెలివైనది. ఆ ఆదివారమే కళింగపట్నం వెళ్లింది. ఇసకలో ఎండుతున్న చేపల పక్కన మామ్మని కూర్చోబెట్టి, "మీ కష్టం చెప్పండి మామ్మా, కొంచెం బాధగా చెప్పండి" అందట.

"బాదేటమ్మా? నాకు కోపంగా ఉన్నాది" అంది మామ్మ. ఈసారి ఆ పిల్ల వీడియో మొదటి నుంచీ తీసింది. మామ్మ డిపోని తిట్టింది, నోటీసుని తిట్టింది, నోటీసుకి వాడిన జిగురుని తిట్టింది. "నా నెత్తళ్లు బస్సులోన కంపట, పళ్లెంలోన పెడితే కంపు నేదట!" అంది. మేనేజరుగారిని, "ఆ బాబు అమ్మా అమ్మా అంటానే నా గంప దింపీసినాడు" అంది. నన్నూ వదల్లేదు. "ఆ డిపోలోన ఒక ముసిలోడున్నాడు, కుర్సీలోన కూకుని ఒంటేలితో ఫోను పొడుస్తుంటాడు. పొడిసి పొడిసి మా అల్లుణ్ణి పరాయి జిల్లాకి తోలీసినాడు!"

ఆ వీడియో మొదటిదాన్ని మించి తిరిగింది. దాన్ని మా పేజీలోనూ పెట్టారు. జవాబివ్వాల్సిన సంబంధిత అధికారిని నేనే. వెతికితే ఒకటే కుదిరింది, అదే కొట్టాను. "మీ అమూల్యమైన సలహాకు ధన్యవాదాలు."

పైవాళ్లు దిగివచ్చారు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో అయితే ఎండుచేపలు వెనక సీటు దగ్గర పెట్టుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. మామ్మ మళ్లీ మొదటి బస్సెక్కింది. కనుక సామాజిక మాధ్యమాలు వాడదగినవేనా అంటే, ఆ రోజున నన్నడిగితే అవుననే చెప్పేవాణ్ణి. బావని మాత్రం ఎవరూ వెనక్కి రప్పించలేదు. అతని గురించి మూడో వీడియో ఎవరూ తీయలేదు, జనం అప్పటికి వేరే ఎవరి మీదో కోపంలో ఉన్నారు. విజయనగరం వైపు డిపోలోనే, మందలింపు అలాగే ఉండగా, దిగిపోయాడు. ఫోను చేస్తే, "గంప ఎక్కింది కదా, సాల్లే బావా" అన్నాడు.

నేనూ రిటైరయ్యాను. ఈమధ్య చుట్టాలింటికి కళింగపట్నం వెళ్లి, మర్నాడు మొదటి బస్సుకే తిరుగు ప్రయాణమయ్యాను. ఇప్పుడున్న కండక్టరు కుర్రాడు శిక్షణ పొందినవాడు. మామ్మ నీలం డబ్బాతో ఎక్కగానే, "రండి అమ్మగారూ, డబ్బా వెనక పెట్టించండి అమ్మగారూ, థాంక్యూ అమ్మగారూ" అన్నాడు. మామ్మ మాట్లాడకుండా వచ్చి నా ముందు సీట్లో కూర్చుంది. బస్సులో ఎవరూ నవ్వలేదు. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. మూత ఉన్నా వాసన వస్తూనే ఉంది. ఒకాయన ముక్కుకి రుమాలు కట్టుకుని ఫోన్లో ఏదో గబగబా కొడుతున్నాడు. నా కుర్చీలో ఇప్పుడున్నవాడికి పని తగిలిందనుకున్నాను.

మామ్మ వెనక్కి తిరిగి నన్ను గుర్తుపట్టింది. మొహం విప్పారింది.

"సూసినావా, అమ్మగారంటన్నాడు నన్ను. నానేటి సచ్చిపోయానేటి?" అని, కుచ్చిళ్లు సర్దుకుని, బావతో ఉన్నప్పటి గొంతు బయటికి తీసింది. "ఏటిరా ముసిలోడా! మా అల్లుణ్ణి తోలీసి ఇప్పుడు నువ్వెక్కినావేటి బస్సు? పింఛను తిని పొట్ట పెంచినావు, నీకు రెండు టికెట్లు కొట్టాల! కొట్టించుకున్నావా?"

అని, ఆగింది. నా వంతు కోసం ఆగింది. ఆ తగువంతా నాకు కంఠతా వచ్చు. దిగవే ముసిల్దానా అని మొదలుపెడితే చాలు. నోరు తెరిచాను కూడా. అప్పుడు పక్క వరసలో ఒక కుర్రాడు ఫోను పైకెత్తి పట్టుకోవడం కనిపించింది. తన మొహమే చూసుకుంటున్నాడో, మమ్మల్నే తీస్తున్నాడో నాకు తెలియలేదు.

"బాగున్నారా మామ్మగారూ?" అన్నాను.

మామ్మ నా మొహంలోకి కాసేపు చూసింది.

"బాగున్నానండి బాబుగారూ" అంది. అని ముందుకి తిరిగి, శ్రీకాకుళం వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.